బీగిల్‌ను పెంచుకోవాలనుకుంటున్నారా? అనంతపురం ఎండల్లో ఈ కుక్కతో కాపురం ఎలా ఉంటుందో ముందే తెలుసుకోండి!

వేలాడే పొడవాటి చెవులు, జాలిగా చూసే కళ్లు, తెలుపు-నలుపు-గోధుమ మూడు రంగుల ఒళ్లు. రీల్స్‌లో బీగిల్ కనిపిస్తే స్క్రోల్ చేసే వేలు అక్కడే ఆగిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే ఇక ఆ రోజు నుంచి ఒకటే గోల.. 'మనమూ ఒకటి తెచ్చుకుందాం' అని. అనంతపురం, ధర్మవరం, గుంతకల్లు, హిందూపురం వాళ్లకు బెంగళూరు ఎంత దూరం? పొద్దున హైవే ఎక్కితే సాయంత్రానికి పప్పీతో ఇంటికొచ్చేయొచ్చు.

తెచ్చుకోవడం అంత తేలికే. కానీ బీగిల్ ఆయుష్షు 12 నుంచి 15 ఏళ్లు. ఇప్పుడు ఐదో తరగతి చదువుతున్న పిల్లాడు డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగంలో చేరేదాకా అది మీ ఇంట్లోనే ఉంటుంది. మరి మే నెలలో 42 డిగ్రీలు కాసే ఊళ్లో, నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో, ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ కుక్క ఉండగలదా? ఉండగలదు. ఎండ గురించి అందరూ భయపడతారు గానీ, ఎండకు ఉపాయాలున్నాయి. బీగిల్‌కు నిజంగా పడనిది తాళం వేసిన ఇల్లు. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అసలు ఈ కుక్క దేనికి పుట్టింది?

ఇంగ్లండ్‌లో కుందేళ్ల వేట కోసం పెంచిన జాతి ఇది. ఒక్కటి కాదు, గుంపుగా వదిలేవాళ్లు. కుక్కలన్నీ వాసన పట్టుకుని అరుచుకుంటూ ముందు పరిగెడుతుంటే, వేటగాళ్లు ఆ అరుపును బట్టి వెనకాల కాలినడకన వెళ్లేవాళ్లు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే బీగిల్ స్వభావంలో సగం అర్థమైపోయినట్టే. గుంపు లేకపోతే బెంగ, వాసన తగిలితే ఒళ్లు తెలియకపోవడం, గొంతెత్తి ఊళ వేయడం, ఏది దొరికితే అది తినేయడం.. నాలుగూ అక్కడి నుంచి వచ్చినవే.

ఎత్తు 33 నుంచి 40 సెంటీమీటర్లు, బరువు 10 కిలోలు, కాస్త అటూ ఇటూ. అంటే రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో కూడా సరిపోయే సైజు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కల్లో 1953 నుంచి 1959 దాకా వరుసగా అమెరికాలో నంబర్ వన్ జాతి ఇదే. కార్టూన్లలో మనందరం చూసిన స్నూపీ కూడా బీగిలే. 2008లో యూనో అనే బీగిల్ వెస్ట్‌మిన్‌స్టర్ డాగ్ షోలో టాప్ అవార్డు గెలిచింది, ఈ జాతికి అదే మొదటిసారి.

మన తెలుగువాళ్లకు బీగిల్‌తో ఇంకో పరిచయం కూడా ఉంది. అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో, కూతురు దగ్గరికో వెళ్లే అమ్మానాన్నలను అడగండి. ఎయిర్‌పోర్టులో లగేజీ కోసం నిలబడి ఉంటే, నీలం రంగు కోటు వేసుకున్న ఓ చిన్న కుక్క వచ్చి సూట్‌కేసు పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. అంతే, ఆఫీసర్ పెట్టె తెరవమంటాడు. లోపల మామిడిపండో, పచ్చి కరివేపాకో, మాంసం పచ్చడో ఉంటుంది! 1984లో లాస్ ఏంజెలెస్ ఎయిర్‌పోర్టులో మొదలైన 'బీగిల్ బ్రిగేడ్' ఇది. ఇంత పనికి పెద్ద కుక్కలను కాకుండా బీగిల్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, ముక్కు గట్టిది, మనిషిని భయపెట్టదు, తిండి ముక్క ఇస్తామంటే ఎంతసేపైనా పని చేస్తుంది.

పిల్లలతో ఎలా ఉంటుంది?

బాగుంటుంది. ఈ విషయంలో పెద్దగా సందేహం అక్కర్లేదు. గుంపులో బతికిన జాతి కాబట్టి కోపం తక్కువ, కొత్తవాళ్లంటే కూడా ఇష్టమే. పిల్లాడు పొరపాటున తోక తొక్కినా వెంటనే కరవడానికి రాదు. ఒళ్లు గట్టిది, రోజంతా ఆడినా అలసిపోదు. కాపలా కోసం తెచ్చుకుంటామంటే మాత్రం వద్దు. దొంగ వస్తే మొదట గట్టిగా అరుస్తుంది, ఆ దొంగే బిస్కెట్ ఇస్తే తోక ఊపుకుంటూ వెనకాలే తిరుగుతుంది.

రెండు జాగ్రత్తలు. పప్పీకి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. అప్పుడు చెప్పులు, చార్జర్ వైర్లు, పిల్లల చేతులు.. ఏదీ మిగలదు. అది కోపం కాదు, చిగుళ్ల దురద. రెండోది, తినేటప్పుడు పిల్లలను దాని గిన్నె జోలికి వెళ్లనివ్వకండి. తిండి దగ్గర మాత్రం కొన్ని బీగిల్స్ గుర్రుమంటాయి. ఐదారేళ్ల లోపు పిల్లలను కుక్కతో ఒంటరిగా వదలకూడదనే రూల్ ఏ జాతికైనా ఒకటే.

ఇక ఒంటరితనం సంగతి. పొద్దున ఎనిమిదింటికి తాళం వేసి ఇద్దరూ డ్యూటీకి వెళ్లి, పిల్లలు స్కూలుకు పోయి, సాయంత్రం ఆరింటికి తాళం తీసే ఇల్లు అనుకోండి. రెండు నెలల పప్పీ రెండు మూడు గంటల కంటే ఎక్కువసేపు ఒంటికి ఆపుకోలేదు. పెద్దదైనా నాలుగైదు గంటలు దాటితే బెంగ పెట్టుకుంటుంది. తలుపు గీరుతుంది, పరుపు చింపుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఊళ వేస్తుంది. మామూలు మొరుగుడు కాదు ఇది. వేటలో మైలు దూరం వినిపించేందుకు పుట్టిన గొంతు. మధ్యాహ్నం నిద్రపోయే పక్కింటివాళ్లకు వారం రోజుల్లో ఓపిక నశిస్తుంది. రాత్రి కుక్క ఏడిస్తే అశుభం అనుకునే పెద్దవాళ్లు వీధిలో ఉంటే చెప్పక్కర్లేదు. కుక్క మొరుగుతోందన్న కారణంతో అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపకాన్ని నిషేధించడం కుదరదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. నిజమే. కానీ రూల్ చూపించి పక్కింటివాళ్లతో పదేళ్లు కాపురం చేయలేం కదా!

చాలా ఇళ్లలో కథ ఇలాగే నడుస్తుంది. మొదట గోల భరించలేక మిద్దె మీద కట్టేస్తారు. అక్కడ ఇంకా ఎక్కువ ఏడుస్తుంది. తర్వాత 'తోటలో అయితే స్వేచ్ఛగా ఉంటుంది' అని ఊళ్లో బంధువులకు ఇచ్చేస్తారు, లేదంటే ఊరి బయట వదిలేస్తారు. ఇంట్లో పెరిగిన బీగిల్‌కు వీధి కుక్కల గుంపుతో నెగ్గుకురావడం తెలియదు, మనుషులందరూ మంచోళ్లే అనుకుంటుంది. కాబట్టి పగలు ఇంట్లో ఎవరుంటారు అన్నదే మొదటి ప్రశ్న. అవ్వో తాతో ఉన్న ఇల్లు, ఇంటి నుంచే పని చేసేవాళ్లున్న ఇల్లు, ఇంటి ముందే షాపు పెట్టుకున్నవాళ్లు.. బీగిల్‌కు ఇవి మంచి ఇళ్లు. ఎవరూ లేకపోతే ఇంకో కుక్కను తోడు తెస్తే సరిపోతుందని కొందరంటారు. కొంత నిజమే, కానీ అప్పుడు ఊళలు రెండవుతాయి.

ముక్కు పని చేస్తే చెవులు పని చేయవు

మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలు ఉంటే, బీగిల్‌కు 20 కోట్లకు పైనే ఉంటాయని చెబుతారు. వాసన తగిలిందంటే తల కిందికి దించి వెళ్లిపోతూనే ఉంటుంది. మీరు ఎంత అరిచినా వినపడనట్టే. అది పొగరు కాదు. అందుకే బయట తాడు లేకుండా వదలకూడదు, ఎంత ట్రైనింగ్ ఇచ్చినా సరే. గేటు కింద సందు ఉంటే తవ్వుతుంది, తక్కువ ఎత్తు గోడైతే ఎక్కుతుంది. మెడకు ఫోన్ నంబర్ ఉన్న బిళ్ల ఎప్పుడూ ఉండాలి. పెద్ద క్లినిక్‌లలో మైక్రోచిప్ కూడా వేస్తారు.

ఆషాఢం గాలులు మొదలయ్యాక మనవైపు సంగతి తెలిసిందే. రామగిరి గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. ఆ గాలిలో ఎక్కడెక్కడి వాసనలో ఒక్కసారిగా వస్తాయి, బీగిల్ పిచ్చెక్కినట్టు లాగుతుంది. ఆ రోజుల్లో కాలర్ కంటే ఛాతీకి కట్టే హార్నెస్ మేలు.

పొలం పక్కన ఇల్లున్నవాళ్లు ఇంకో విషయం గమనించాలి. ఎలుకలున్న చోటికి పాములొస్తాయి. చెత్తకుప్పలో, రాళ్ల సందులో, కళ్లంలో వామి కింద ముక్కు దూర్చడమే బీగిల్ పని. నాగుపాము గానీ రక్తపింజర గానీ కాటేస్తే సాధారణంగా ముక్కు మీదో, మూతి మీదో, ముందు కాళ్ల మీదో పడుతుంది. మూతి ఒక్కసారిగా వాచినా, నోట్లోంచి నురగ వచ్చినా, వెనక కాళ్లు పడిపోయినా ఆకు పసర్లు, కట్టుకట్టడాలు వద్దు. మనుషులకు వాడే విషం విరుగుడు ఇంజెక్షనే కుక్కలకూ వాడతారు. ఎత్తుకుని తీసుకెళ్లండి, నడిపించకండి. ఎలుకల మందు పెట్టిన ఉండలు, పొలంలో పురుగుమందు డబ్బాలు కూడా అంతే ప్రమాదం.

ట్రైనింగ్ ఇవ్వడం కష్టమా అంటే, తిండి చేతిలో ఉంటే కష్టం కాదు. ఐదు నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు చాలు. కొట్టారంటే మాత్రం ఆ రోజు నుంచి మీరు పిలిస్తే రాదు. ఇంకో చిన్న మాట. ఇంట్లో అందరూ ఒకే మాట వాడండి. నాన్న 'సిట్' అని, అమ్మ 'కూర్చో' అని, అవ్వ 'కూకోరా' అని అంటే అది ముగ్గురి మొహాలూ చూసి, చివరికి ఎవరి చేతిలో బిస్కెట్ ఉందో వాళ్ల మాట వింటుంది.

తిండి: ఇక్కడే ఎక్కువ తప్పులు

బీగిల్‌కు కడుపు నిండిందన్న సంగతి తెలియదు అనుకోండి. ఎంత పెట్టినా ఇంకా ఆకలే అన్నట్టు చూస్తుంది. ఆ చూపుకు పడిపోతే ఆర్నెల్లలో పీపాలా తయారవుతుంది. 10 కిలోల బీగిల్‌కు రోజుకు సుమారు 600 కేలరీలు చాలు. మన గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోటి దాదాపు 20 కేలరీలు. తాత టీ తాగుతూ రెండు, పిల్లలు రెండు, పక్కింటి ఆంటీ ఒకటి ఇచ్చారంటే రోజు తిండిలో ఆరో వంతు అక్కడే అయిపోయింది. బరువు పెరిగితే వెన్నుపూస డిస్కులు దెబ్బతినే రిస్క్ ఉన్న జాతి ఇది. పక్కటెముకల మీద చెయ్యేసి చూడండి, మెల్లగా తడిమితే ఎముకలు తగలాలి. తగలకపోతే గిన్నె తగ్గించాలి.

ప్యాకెట్ ఫుడ్డే పెట్టాలా? పెడితే లెక్క తేలిక. ఇంటి తిండి అయినా పర్వాలేదు. రాగి సంకటి మనింట్లో ఎలాగూ ఉంటుంది, ఉప్పు వేయకముందే కొంచెం తీసి, ఉడికించిన చికెన్‌తోనో గుడ్డుతోనో కలిపి పెట్టొచ్చు. కానీ సంకటి మాత్రమే, లేదా పెరుగన్నం మాత్రమే పెడితే ప్రొటీన్ చాలదు. మాంసం వండని ఇళ్లలో డాక్టర్‌ను అడిగి మంచి డ్రై ఫుడ్ మీద పెట్టడమే సేఫ్. పులుసు, కూర మాత్రం వద్దు. అందులో కారం కంటే పెద్ద శత్రువు ఉల్లిపాయ. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలో వేసే ఎండుద్రాక్ష, మామూలు ద్రాక్ష రెండూ కిడ్నీల మీద పడతాయి. చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కూడా విషమే. నాటుకోడి పులుసు తిన్నాక మిగిలిన ఎముకలు కుక్కకు వేయడం మనకు అలవాటు. ఉడికిన ఎముక పగిలితే సూదిలా మారి పేగులో గుచ్చుకుంటుంది. ఎండాకాలంలో మామిడి టెంక ఇంకో సమస్య. రసం కోసం నాకుతూ నాకుతూ గుటుక్కున మింగేస్తుంది. అది పేగులో అడ్డం పడితే ఆపరేషన్ తప్ప దారి లేదు.

ఇప్పుడు అనంతపురం వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సిన సంగతి.. వేరుశనగ. మన దగ్గర ఇంటింటా చెనిక్కాయలే. మూటలు వసారాలో ఉంటాయి, విత్తనాలు ఒలిచేటప్పుడు రాలినవి నేల మీద ఉంటాయి, పశువుల కోసం తెచ్చిన చెక్క కొట్టంలో ఉంటుంది. మంచి గింజ నాలుగు తింటే కుక్కకు ఏమీ కాదు. బూజు పట్టిన గింజతోనే ప్రమాదం. ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం తయారవుతుంది. పంట చివరి దశలో వానలు మొహం చాటేసి, నేల ఎండి, కాయ ఒత్తిడికి గురైనప్పుడు ఈ బూజు మట్టిలోనే కాయకు పట్టే అవకాశం పెరుగుతుంది. అంటే మన కరువే దానికి అనుకూలం. తీసిన కాయ తడిచి, సరిగ్గా ఆరకపోయినా ఇదే పరిస్థితి. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చనిపోతే, కారణం వెతుక్కుంటూ పోయిన శాస్త్రవేత్తలు దాణాలో కలిపిన వేరుశనగ పిండి దగ్గర ఆగారు. అఫ్లాటాక్సిన్ సంగతి ప్రపంచానికి తెలిసింది అప్పుడే. అంతకుముందు 1950లలో అమెరికాలో కుక్కలను చంపిన అంతుచిక్కని కాలేయ జబ్బుకు కారణం కూడా ఇదేనని తర్వాత తేలింది. 2020 చివర్లో అమెరికాలో మొక్కజొన్న కలిసిన ఓ డ్రై ఫుడ్‌లో ఈ విషం ఎక్కువై పదుల సంఖ్యలో కుక్కలు చనిపోతే, ఆ సరుకును వెనక్కి తీసుకున్నారు.

కుక్కల కాలేయం ఈ విషాన్ని తట్టుకోలేదు. వేయిస్తే పోయేది కాదు, ఉడికిస్తే పోయేది కాదు. ఏరి పారేసిన పుచ్చు గింజలు, ముక్క వాసన వచ్చే చెక్క బీగిల్‌కు అందే చోట పెట్టకండి. తిండి మానేసి, వాంతులు చేసుకుని, చిగుళ్లు, కళ్లలోని తెలుపు పసుపు రంగుకు తిరిగితే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి, ఏం తిన్నదో కూడా చెప్పాలి. మీరు చెప్పకపోతే డాక్టర్ మామూలు కామెర్లనో, పురుగుల జ్వరమనో అనుకునే అవకాశం ఉంది.

మే నెల ఎలా గట్టెక్కాలి?

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయట పెట్టి రొప్పడమే దాని కూలర్. బీగిల్ ముక్కు పొడవుగా ఉంటుంది కాబట్టి పగ్ లాంటి చప్పిడి ముక్కు జాతుల కంటే ఎండలో నయం. ఇంకో మంచి విషయం ఏంటంటే, అనంతపురం ఎండ పొడి ఎండ. విజయవాడ, మచిలీపట్నం వైపు ఉండే ఉక్కపోత ఇక్కడ తక్కువ. గాలి పొడిగా ఉంటే రొప్పితే ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, మామూలు ఎయిర్ కూలర్ కూడా బాగా పని చేస్తుంది. ఏసీ లేకపోయినా బీగిల్‌ను పెంచొచ్చు అనడానికి కారణం అదే. కాకపోతే పొడి గాలిలో ఒంట్లో నీళ్లు కూడా తొందరగా ఆవిరైపోతాయి. 10 కిలోల కుక్కకు మామూలు రోజుల్లో అర లీటరుకు పైగా నీళ్లు కావాలి, ఎండాకాలంలో అంతకు రెట్టింపు తాగొచ్చు. ఒకే గిన్నె కాకుండా ఇంట్లో రెండు మూడు చోట్ల మట్టి మూకుళ్లలో పెట్టండి, నీళ్లు చల్లగా ఉంటాయి.

వాకింగ్ పొద్దున ఆరున్నర లోపు, సాయంత్రం చీకటి పడ్డాక. ఏడు గంటలకు గాలి చల్లగా ఉన్నా తారు రోడ్డు ఇంకా కాలుతుంటుంది. అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఆనించి చూడండి, మీ చెయ్యి నిలవకపోతే దాని పాదాలూ నిలవవు. రేకుల షెడ్డు కింద, మిద్దె మీద, ఆపి ఉంచిన కారులో పగలు వదలడం అంటే ప్రాణం తీయడమే. ఎండాకాలం వచ్చిందని జుట్టు గొరిగించేయడం ఇంకో పొరపాటు. బీగిల్‌కు రెండు పొరల జుట్టు ఉంటుంది, వేడి నేరుగా చర్మానికి తగలకుండా అది ఆపుతుంది. వారానికి రెండు మూడుసార్లు దువ్వి, రాలే వెంట్రుకలు తీసేస్తే చాలు. జుట్టు బాగా రాలుతుంది, నల్ల ప్యాంటు వేసుకునేవాళ్లు సిద్ధపడాలి.

వడదెబ్బ తగిలితే ఆగకుండా రొప్పుతుంది, చొంగ జిగటగా కారుతుంది, చిగుళ్లు ముదురు ఎరుపుకు మారతాయి, నడిస్తే తూలుతుంది. కుక్క మామూలు ఉష్ణోగ్రత 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం మొదలైనట్టే, 106కు వెళ్తే అవయవాలు దెబ్బతింటాయి. నీడకు తీసుకొచ్చి ఒళ్లంతా నీళ్లు పోసి ఫ్యాన్ కింద ఉంచండి. పోసే ముందు ఆ నీళ్లు ముట్టుకుని చూడండి! మధ్యాహ్నం రెండింటికి మిద్దె మీద ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు టీ పెట్టుకునేంత వేడిగా ఉంటాయి. బిందెలోవి, తొట్టిలోవి వాడండి. స్పృహ లేని కుక్క నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, ఎందుకంటే కిడ్నీల మీద దెబ్బ తర్వాతి రోజు బయటపడొచ్చు.

నీళ్లకు ఇబ్బంది ఉన్న ఇంట్లో స్నానం ఎలా అని అడుగుతుంటారు. నెలకోసారి చాలు, రెండు బకెట్లలో అయిపోతుంది. వారం వారం రుద్దితే చర్మంలోని నూనె పోయి దురదలొస్తాయి. ఈ విషయంలో బీగిల్ అనంతపురానికి సరిపోయిన కుక్కే.

పిడుదులు, చెవులు, సూదిమందు

మేకలు, గొర్రెలు, వీధి కుక్కలు తిరిగే చోట పిడుదులు తప్పవు. బీగిల్ గడ్డిలో మూతి పెట్టే రకం కాబట్టి ఇంకా ఎక్కువ. చెవుల లోపల, కాలి వేళ్ల మధ్య, తోక కింద రోజూ వెతకాలి. పీకిన పిడుదును గోళ్లతో నలపకండి, కిరోసిన్ పూయకండి. నెలకోసారి వేసే చుక్కల మందో, నమిలించే మాత్రో డాక్టర్‌ను అడిగి కుక్క బరువును బట్టి వాడాలి. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా, బబీసియా జ్వరాలకు మొదట్లోనే రక్త పరీక్ష చేయిస్తే మందులతో తగ్గుతాయి. గుర్తుపట్టడం ఎలాగంటారా? బీగిల్ అన్నం మానేసిందంటే అదే పెద్ద సైరన్. వేరే కుక్క ఒక పూట తినకపోతే చూద్దాంలే అనుకోవచ్చు, బీగిల్ రెండు పూటలు తినలేదంటే చూస్తూ కూర్చోకూడదు. ముక్కులోంచి రక్తం, పాలిపోయిన చిగుళ్లు కనిపిస్తే ఇంకా త్వరపడాలి. జ్వరం ఉందని మన పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రలు సొంతంగా వేయకండి.

చెవులు వారానికోసారి మూత తెరిచి వాసన చూడండి. వేలాడే చెవిలో గాలి ఆడదు, దుమ్ము చేరుతుంది. పుల్లటి వాసన, నల్లటి జిగురు, తల ఊరికే విదిలించడం.. ఇవి ఇన్‌ఫెక్షన్ గుర్తులు. ఇవి కాక మూర్ఛ, థైరాయిడ్ తగ్గడం, కంటి మూలలో ఎర్రటి గడ్డలా ఉబకడం ఈ జాతిలో కాస్త ఎక్కువగా కనిపిస్తాయి.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలవుతాయి. మూడు నాలుగు వారాలకోసారి చొప్పున పదహారు వారాల దాకా వేయించాలి. పార్వో, డిస్టెంపర్ ఈ టీకాలతోనే ఆగుతాయి, పార్వో వస్తే రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లో పప్పీ చేజారిపోవచ్చు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా బతికే దారి దాదాపు లేదు. ఏటా జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినోత్సవం రోజు పశుసంవర్ధక శాఖ ప్రభుత్వ పశువుల ఆస్పత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తుంటుంది. పప్పీని తెచ్చుకోకముందే ఇంకో పని చేయండి. మీ ఊళ్లో కుక్కలను రాత్రిపూట చూసే డాక్టర్ ఎవరో కనుక్కుని నంబర్ సేవ్ చేసుకోండి. పెద్ద ఆపరేషన్లు, స్కానింగ్‌లు అవసరమైతే ఇక్కడి నుంచి తిరుపతి, ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులకో, బెంగళూరుకో వెళ్లాల్సి రావొచ్చు.

కొనే ముందు ఏం అడగాలి?

2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పప్పీని అమ్మకూడదు. ముందు రిజిస్ట్రేషన్ కాగితం అడగండి, తర్వాత తల్లిని చూపించమనండి. తల్లిని చూపించను, ఫొటో పంపుతాను, డబ్బులు ఫోన్‌లో వేయండి అంటే అక్కడితో ఆపేయండి. అట్టపెట్టెలో పెట్టి బస్సు డిక్కీలో పంపిస్తామంటే అసలు ఒప్పుకోవద్దు, ఎండాకాలంలో అది పప్పీకి శవపేటికే. 2024 మార్చిలో 23 జాతుల కుక్కలపై కేంద్రం ఆంక్షలు పెట్టమన్నప్పుడు 'బీగిల్ కూడా ఉందా' అని చాలామంది అడిగారు. ఆ జాబితాలో బీగిల్ లేదు. ఆ ఉత్తర్వును తర్వాతి నెలలోనే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది కూడా.

పప్పీయే కావాలని లేకపోతే ఇంకో దారి ఉంది. ప్రపంచవ్యాప్తంగా మందుల పరీక్షలకు ల్యాబ్‌లలో ఎక్కువగా వాడే కుక్క బీగిలే. సైజు చిన్నది, నొప్పి పెట్టినా తిరగబడే రకం కాదు కాబట్టి. మనం ఇంటికి తెచ్చుకోవాలనుకునే గుణమే దాన్ని అక్కడికి చేర్చింది. 2022లో అమెరికాలోని వర్జీనియాలో ఒక పెంపక కేంద్రం నుంచే దాదాపు 4,000 బీగిల్స్‌ను బయటకు తెచ్చి ఇళ్లకు ఇచ్చారు. మన పక్కనే బెంగళూరులో కూపా అనే జంతు సంక్షేమ సంస్థ 'ఫ్రీగిల్స్' పేరుతో ఇలా ల్యాబ్‌ల నుంచి వచ్చిన బీగిల్స్‌కు కుటుంబాలను వెతికింది. 2016లో ఒకేసారి వందకు పైగా కుక్కలు అలా బయటికొచ్చాయి. పంజరంలోనే పెరిగిన ఆ కుక్కలకు మట్టి, గడ్డి, మెట్లు, ఫ్యాన్ చప్పుడు.. అన్నీ కొత్త. మెట్లు ఎక్కడం కూడా నేర్పించాలి. వాటిని ఇచ్చే ముందు ఇలాంటి సంస్థలు కుటుంబాన్ని ఇంటర్వ్యూ చేస్తాయి. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంట్లో ఇంకో కుక్క ఉందా, ఊరెళ్తే ఎవరు చూసుకుంటారు అని అడుగుతారు. పిల్లలు మారాం చేసినప్పుడు ఆ మూడు ప్రశ్నలకు మీ ఇంట్లో జవాబు ఏంటో ఒకసారి అందరూ కూర్చుని మాట్లాడుకోండి, బెంగళూరు ప్రయాణం ఆ తర్వాత.